పొయ్యి మీది దండెం నుంచి పెల్లెట్ పెట్టె దాకా: పొగమాంసం కథ

పత్తి ఏరుడు ఒక విడత అయిపోయింది, కొంచెం తీరుబడి దొరికింది. ఈసారి పంట గురించి, మందుల గురించి కాదు, పొగ గురించి రాస్తున్నా. పోస్టు పెద్దదే. పొద్దుగూకినంక మంచంలో కూర్చొని నిదానంగా చదువుకోండి.

ఇది రాయడానికి రెండు సంగతులు కారణం.

మొదటిది. నెల కింద మా తమ్ముని కొడుకు వీడియో కాల్ చేసిండు. వాడు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటడు. ఇంటి వెనక జాగాలో ఒక నల్లటి ఇనుప పెట్టె, దానికి పొగగొట్టం, పక్కన కరెంటు వైరు. మూత తీసి చూపిస్తే లోపల యాట తొడ ఒకటి ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. "ఆరు గంటల నుంచి పొగల ఉంది పెద్దబాపూ" అన్నడు. కట్టెలేవిరా అని అడిగిన. ఒక సంచి ఎత్తి చూపించిండు. మనం బర్రెలకు వేసే పెల్లెట్ దాణా ఉంటది చూడండి, అచ్చం అట్లనే ఉంది. కాకపోతే దాణా కాదు, చెక్కపొట్టు. తొమ్మిది కిలోల సంచి, మన పైసల్లో పదిహేను వందల పైమాటే. "రంపపు పొట్టుకు గింత పెడుతున్నవా బిడ్డా?" అంటే నవ్విండు. "పొట్టుకు కాదు పెద్దబాపూ, పొగకు" అన్నడు.

రెండోది మా ఊళ్లోనే జరిగింది. దసరాకు నలుగురు పోరగాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి, ఒక పాత డ్రమ్ము సంపాదించి, పగలగొట్టిన ప్యాకింగ్ చెక్కలు కింద రాజేసి, కోళ్లను కోసి పైన వేలాడదీశారు. సాయంత్రం నుంచి తెల్లారే దాకా సన్నటి పొగ పెట్టారు. డ్రమ్ము మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉందట, అంతే. మరునాడు మధ్యాహ్నం పైపైన కాల్చుకొని తిన్నారు. రాత్రికల్లా నలుగురికీ వాంతులు, విరేచనాలు. ఒక పిల్లగానికి రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. బతికి బయటపడ్డారు, అదే పదివేలు.

"మన తాతలు పొగల పెట్టిన మాంసం తినలేదా, వాళ్లకేం కాలేదు గదా?" అని అందులో ఒకడు నన్ను అడిగిండు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు, అందుకే కొన్నాళ్లు దీని చరిత్ర వెనక పడ్డా. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నా.

మా నాయినమ్మ దండెం

ముందు మన ఇంటి సంగతే. మా చిన్నతనంలో యాటను కోస్తే ఆ పూటకు వండింది వండగా మిగిలిన మాంసాన్ని ఏం చేయాలి? ఫ్రిజ్ లేదు, కరెంటే లేదు. మా నాయినమ్మ మాంసాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా, పల్చగా కోసేది. ఉప్పు, పసుపు బాగా పట్టించి తాడు మీద ఆరేసేది. కాకులు రాకుండా మాకు కాపలా డ్యూటీ. మూడు నాలుగు ఎండలు కొట్టేసరికి అది కట్టెలా బిర్రుగా అయ్యేది. అవే ఒట్టి తునకలు. మీలో చాలా మందికి ఈ పాటికే నోట్లో నీళ్లు ఊరి ఉంటయి. దోసకాయలో వేస్తే ఒక రుచి, చింతచిగురులో వేస్తే ఇంకో రుచి.

అయితే అక్కడితో పని అయిపోలేదు. ఎండిన తునకలను దండకు గుచ్చి, వంటింట్లో పొయ్యికి పైన కట్టిన దండేనికి వేలాడదీసేది. ఆ పక్కనే విత్తనానికి దాచిన మక్క కంకులు, బీర విత్తులు, సొరకాయ బుర్రలు. వానాకాలం ముసురు పట్టినా తునకలకు బూజు రాకపోయేది, మక్కలకు పురుగు పట్టకపోయేది. రెండు పూటలా పొయ్యి పొగ వాటిని ఆరబెడుతూనే ఉండేది. ఆ పొగ కోసం ఎవరూ ప్రత్యేకంగా కట్టె కాల్చలేదు. అన్నం వండిన పొగే, మాంసానికీ విత్తనానికీ పనికొచ్చింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతది. మా నాయినమ్మ వరసలో ముందు ఉప్పు, తర్వాత ఎండ, చివరికి పొగ. పొగ ఒక్కటే ఎప్పుడూ లేదు.

పొగ చేసే పని ఏంది?

కట్టెలో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటయి: సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. కట్టెకు గట్టితనం ఇచ్చేది, పోగులను అతికి ఉంచేది లిగ్నిన్. గాలి సరిగా ఆడకుండా కట్టె సన్నగా రగులుతుంటే ఇవి విరిగి వందల రకాల పదార్థాలు పొగలో కలుస్తయి. మొదటి రెండింటి నుంచి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం లాంటివి, పైన ఎర్ర రంగు తెచ్చేవి వస్తయి. లిగ్నిన్ నుంచి ఫినాల్స్ వస్తయి. మనం "పొగ వాసన" అనుకునేదంతా ఎక్కువగా ఈ ఫినాల్స్ పుణ్యమే.

ఇవి సూక్ష్మక్రిములను అణచిపెడతయి, కొవ్వు ముక్క వాసన రాకుండా ఆపుతయి. పొగతోపాటు తగిలే వేడికి, గాలికి పై తడి ఆరి ఒక పొర కడుతది. కానీ ఈ రక్షణ అంతా పైపైనే. పొగ మాంసం లోపలికి కొద్దిగానే దిగుతది. పల్చటి తునక అయితే అంతా తానే అవుతది. నిండు కోడికి, మందపు తొడకు మాత్రం లోపలి దాకా కాపలా కాయలేదు. మా ఊరి పోరగాళ్లకు తెలియని సంగతి ఇదే.

సముద్రపు దొంగల పేరు పొగ నుంచి వచ్చింది

కరేబియన్ దీవుల్లో, దక్షిణ అమెరికాలో ఉండే ఆదివాసులు పచ్చి కర్రలతో మంచె లాంటిది కట్టి, దాని మీద మాంసమో చేపలో పరిచి, కింద సన్నటి మంట, పొగ పెట్టేవాళ్లు. మన మంచెకు కొంచెం తమ్ముడు అనుకోండి. బ్రెజిల్ వైపు తుపి భాషలో ఆ మంచెకు ఉన్న పేరు ఫ్రెంచి వాళ్ల నోట పడి 'బూకాన్' అయింది. దీవుల్లోని తైనో జనం మాట స్పెయిన్ వాళ్ల నోట 'బర్బకోవా' అయింది. ఇప్పుడు హైదరాబాద్ హోటళ్ల బోర్డుల మీద కనిపించే 'బార్బెక్యూ' దాని మనుమరాలే.

1600ల్లో హిస్పానియోలా దీవిలో, అంటే ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవిలో, కొందరు ఫ్రెంచి వేటగాళ్లు అడవిపడ్డ పశువులను, పందులను వేటాడి ఆ బూకాన్ మీద మాంసం పొగబెట్టి, దారిన పోయే ఓడలకు అమ్ముకునేవాళ్లు. అందుకే వాళ్లను 'బూకానియే' అన్నారు. స్పెయిన్ సర్కారు వాళ్లను వెళ్లగొట్టాలని చూస్తే వాళ్లలో చాలా మంది ఓడలెక్కి స్పెయిన్ ఓడలనే దోచుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో సముద్రపు దొంగలకు 'బకనీర్' అనే పేరు అట్లా వచ్చింది. మాంసం పొగబెట్టేవాడు అనే మాట, దొంగ అనే మాటగా మారింది.

పొగ మీద నమ్మకం ప్రాణం తీసిన రోజులు

యూరప్‌లో చలి దేశాల రైతులు చలికాలం మొదట్లో పందిని కోసి, తొడలకు ఉప్పు పట్టించి, పేగుల్లో కొత్తిన మాంసం కూరి సాసేజ్‌లు చేసి, పొగగొట్టంలోనో పొగగదిలోనో వేలాడదీసేవాళ్లు. ఏడాది తిండి అది. చాలా సార్లు బాగానే ఉండేది. కానీ అప్పుడప్పుడు ఒక ఇంట్లో అందరికీ చూపు మసకబారి, మింగుడు పడక, ఊపిరాడక చనిపోయేవాళ్లు.

జర్మనీ దక్షిణాన వుర్టెంబర్గ్ రాజ్యంలో యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు ఇట్లాంటి కేసులను ఒక్కొక్కటిగా పోగుచేసి 1820లో, 1822లో ప్రచురించిండు. ఈయన కవి కూడా. గాలి ఆడని చోట, పాడైన సాసేజ్ లోపల ఏదో విషం పుడుతున్నదని ఆయన పట్టుకున్నడు. ఆ విషాన్ని తన మీద కూడా పరీక్ష చేసుకున్నడు.

అసలు దోషి దొరకడానికి ఇంకో డెబ్బై ఏండ్లు పట్టింది. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో ఒక చావుకు వాయించడానికి బ్యాండు మేళం వచ్చింది. వాళ్లకు భోజనంలో ఉప్పులో ఊరేసి పొగబెట్టిన పంది తొడ మాంసం పెట్టారు. చాలా మంది జబ్బు పడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్ అనే ప్రొఫెసర్ ఆ మిగిలిన మాంసంలోంచి, చనిపోయినవాళ్ల శరీరంలోంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేసి 1897లో లోకానికి చెప్పిండు. అది గాలి లేని చోటే పెరుగుతది. లాటిన్‌లో సాసేజ్‌ను 'బోటులుస్' అంటారు, అందుకే ఆ జబ్బు పేరు బోటులిజం.

మా ఊరి పిల్లలకు వచ్చింది బోటులిజం కాదు, మామూలుగా మాంసం పాడవడం వల్ల వచ్చిన జబ్బే. కానీ దారి ఒక్కటే. పొగ పెట్టినం గదా, ఏం కాదులే అనుకోవడం. చలి దేశంలో, ఉప్పు పట్టించి, తరతరాల అలవాటుతో చేసేవాళ్లకే అట్లా జరిగింది. మన ఎండల్లో, ఉప్పు లేకుండా, రాత్రంతా గోరువెచ్చటి డ్రమ్ములో కోడిని వేలాడదీస్తే అది పొగబెట్టినట్టు కాదు, క్రిములకు పొదుగు పెట్టినట్టు.

టెక్సాస్ పత్తి కూలీల భోజనం

ఇప్పుడు మా తమ్ముని కొడుకు ఉండే టెక్సాస్‌కు వద్దాం. పొగమాంసానికి అమెరికాలో పెద్ద పేరున్న రాష్ట్రం అది. ఆ పేరు వెనక ఉన్నది పత్తి అని తెలిసి నేను ఆశ్చర్యపోయిన.

అమెరికా దక్షిణాదిన పెద్ద పెద్ద గుంతలు తవ్వి, రాత్రంతా నిప్పుల మీద మాంసం కాల్చే పని ఎక్కువగా బానిసలుగా ఉన్న నల్లజాతి మనుషులదే. పండగ దొరలది, పొగ బానిసలది. టెక్సాస్‌లో బానిసలకు విడుదల ఆజ్ఞ చదివింది 1865 జూన్ 19న. ఇప్పటికీ ఆ రోజు పండగ చేసుకుంటే పొగలో కాల్చిన మాంసం ఉండాల్సిందే.

అదే 1800ల్లో జర్మన్లు, చెక్ జనం వేల మంది టెక్సాస్ నడి ప్రాంతానికి వలస వచ్చారు. వాళ్లలో కసాయి పని తెలిసినవాళ్లు చిన్న చిన్న ఊళ్లలో మాంసం దుకాణాలు పెట్టారు. ఫ్రిజ్‌లు లేని కాలం. అమ్ముడుపోని ముక్కలు సాయంత్రానికి పాడవుతయి. అందుకని మిగిలినవాటిని సాసేజ్‌లు చేసి, లేదంటే దుకాణం వెనక అక్కడ దొరికే పోస్ట్ ఓక్ అనే కట్టెతో పొగబెట్టి, అగ్గువకు అమ్మేవాళ్లు.

వాటిని కొన్నదెవరు? పత్తి ఏరే సీజన్‌లో ఊళ్లకు దిగే కూలీలు. ఎక్కువ మంది నల్లవాళ్లు, మెక్సికన్లు. ఎండలో వంగి వంగి చేత్తో పత్తి ఏరి, జోలె సంచి ఈడ్చుకుంటూ పనిచేసి వచ్చేవాళ్లు. రంగు చూసి వాళ్లను చాలా హోటళ్లలో కూర్చోనిచ్చేవాళ్లు కాదు. మాంసం దుకాణంలో అయితే కొనుక్కొని బయట నిలబడి తినొచ్చు. ప్లేటు లేదు, చెంచా లేదు. కాగితంలో మాంసం, పక్కన నాలుగు బిస్కెట్లు, ఒక ఉల్లిగడ్డ. అదే భోజనం.

లాక్‌హార్ట్ అనే ఊళ్లో 1900లో మొదలైన క్రూయిట్స్ మార్కెట్ అట్లాంటి దుకాణమే. ఇప్పుడు అక్కడికి దేశదేశాల నుంచి వచ్చి క్యూ కడతారు. ఇప్పటికీ మాంసం కాగితంలోనే పెడతారు. కూలీలకు ప్లేటు ఇవ్వని అలవాటు, ఇప్పుడు డబ్బున్నవాళ్లకు మోజు అయింది. 1999లో టెక్సాస్ చట్టసభ ఆ ఊరిని రాష్ట్రానికి బార్బెక్యూ రాజధాని అని తీర్మానం చేసింది. పత్తి ఏరే మిషన్లు వచ్చినంక ఆ కూలీలు పొలాల నుంచి పోయారు. వాళ్ల తిండి మాత్రం మిగిలింది, ధర పెరిగింది, వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

మనం కూడా పత్తి రైతులమే. మన చేన్లలో ఏరే ఆడవాళ్లు మధ్యాహ్నం చెట్టు కింద విప్పుకునే సద్దిమూటలో ఏముందో ఎన్నడన్నా చూసినమా? నేను చూడలేదు. ఈసారి చూసిన, అడిగిన.

మంచు వచ్చింది, పొగ రుచిగా మారింది

1870ల చివర, 1880ల్లో అమెరికాలో మంచు పెట్టెల రైలు బండ్లు వచ్చినయి. పచ్చి మాంసం వేల కిలోమీటర్లు పాడవకుండా పోవడం మొదలైంది. తర్వాత ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది. మాంసం దాచడానికి పొగ అవసరం తీరిపోయింది. కానీ నాలుక మరవలేదు. అప్పటి నుంచి పొగ కాపలాదారు కాదు, మసాలా.

మసాలా అయినంక వ్యాపారం రాకుండా ఉంటదా? 1895లో కాన్సాస్ సిటీలో ఎర్నెస్ట్ రైట్ అనే మందుల దుకాణదారు కట్టె పొగను చల్లార్చి, నీటి చుక్కలుగా పట్టి, సీసాలో పోసి 'ద్రవ పొగ' అని అమ్మడం మొదలుపెట్టిండు. ఇప్పుడు చిప్స్ ప్యాకెట్ల మీద పొగ రుచి అని ఉండేదాంట్లో చాలా వరకు ఈ జాతిదే.

తర్వాత హెన్రీ ఫోర్డ్. ఆ కాలపు ఫోర్డ్ కార్లలో చెక్క చాలా వాడేవాళ్లు. సొంత అడవి, సొంత కోత మిల్లు. మిగిలిన ముక్కలు, పొట్టు కుప్పలు పడుతున్నయి. 1920ల్లో మిషిగన్ రాష్ట్రంలో కింగ్స్‌ఫర్డ్ అనే చోట ఫ్యాక్టరీ పెట్టి, ఆ చెత్తను బొగ్గు చేసి, పిండితో కలిపి దిండు ఆకారంలో ముద్దలు ఒత్తి అమ్మించిండు, అదీ కార్ల డీలర్ల దగ్గరే. కారు కొనడానికి పోయినోడు బొగ్గు సంచి కూడా కొనుక్కొని వచ్చేటోడు. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఇనుప పనివాడు, సముద్రంలో తేలే బోయాలు తయారుచేసే చోట ఆ గుండ్రటి డొప్పలనే పొయ్యిగా, మూతగా మార్చిండు. అదే వెబర్ కెటిల్. మూత ఉండడంతో మామూలు ఇంటి వెనక కూడా పొగబెట్టడం సులువైంది. రగిలే బొగ్గుల మీద నాలుగు చెక్క ముక్కలు చల్లితే చాలు.

దాణా మిషన్‌లోంచి వచ్చిన కట్టె

ఇక పెల్లెట్ సంగతి. ఇది రైతులకు బాగా అర్థమయ్యే కథ.

అమెరికా పడమటి తీరాన ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు కలపకు పేరు. కోత మిల్లుల పక్కన కొండలంత పొట్టు పడేది. పెద్ద ఇనుప గుడిసెల్లాంటి కొలుముల్లో వేసి తగలబెట్టేవాళ్లు, ఊళ్ల మీద పొగ కమ్మేది. 1970ల్లో గాలి కాలుష్యం చట్టాలు గట్టిగా వచ్చి ఆ కొలుములు మూతబడ్డయి. అదే సమయానికి 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపినయి, కొన్ని నెలల్లోనే ధర నాలుగింతలు అయింది. ఒక పక్క కాల్చనివ్వని పొట్టు, ఇంకో పక్క కొనలేని నూనె. పొట్టును ఇంధనం చేస్తే ఎట్లా ఉంటదని ఆలోచించారు.

కొత్త మిషన్ కనిపెట్టాల్సిన పని పడలేదు. పశువుల దాణా ఒత్తే పెల్లెట్ మిల్లు అప్పటికే ఉంది. అందులో ఎండిన పొట్టును సన్న రంధ్రాల గుండా గట్టిగా ఒత్తితే, ఆ ఒత్తిడి వేడికి కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి, చల్లారినంక జిగురులా పట్టేస్తది. వేరే బంక అక్కర లేదు. సుమారు 6 మిల్లీమీటర్ల మందం, పది శాతం లోపు తడి, అంతే. 1980ల మొదట్లో జెర్రీ విట్‌ఫీల్డ్ అనే విమానాల ఇంజనీరు ఇళ్లలో వెచ్చదనానికి పెల్లెట్ పొయ్యి తయారుచేసిండు.

ఒరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో ట్రేగర్ కుటుంబానిది ఇళ్లు వెచ్చబెట్టే పొయ్యిల వ్యాపారం. జో ట్రేగర్ 1985లో ఆ పెల్లెట్‌తో మాంసం వండే పెట్టె చేసిండు, మరుసటి ఏడాది పేటెంట్ వచ్చింది. పని తీరు సాదాగానే ఉంటది. పక్కన పెల్లెట్ల డబ్బా. అడుగున మన మిల్లుల్లో గింజను తోసే మరలాంటి మర. అది కొన్ని కొన్ని గుళికలను నిప్పు గిన్నెలోకి తోస్తది. కరెంటు కడ్డీ అంటిస్తది, చిన్న ఫ్యాన్ గాలి కొడుతది. వేడి తగ్గితే మర ఎక్కువ తిరుగుతది, పెరిగితే తగ్గుతది. రాత్రంతా మేలుకొని నిప్పు చూసే మనిషి పని ఆ మర చేస్తది. 2006లో పేటెంట్ గడువు తీరింది, తర్వాత అనేక కంపెనీలు దిగినయి. ఇప్పుడు ఫోన్‌లోనే వేడి చూసుకుంటారు.

మా అమ్మ ఊపిరి

ఇక్కడ ఒక మాట రాయకపోతే ఈ పోస్టు అబద్ధం అవుతది.

మా నాయినమ్మ పోయినంక ఆ పొయ్యి ముందు మా అమ్మ కూర్చుంది. ముప్పై ఏండ్లకు పైనే. ఆరేండ్ల కింద దగ్గు తగ్గకపోతే పట్నం తీసుకపోయిన. డాక్టరు ఫోటో చూసి మొదట అడిగిన మాట, "బీడీ తాగుతదా?" అని. జన్మలో ముట్టలేదు సార్ అన్న. "మరి కట్టెల పొయ్యి ఎన్నేండ్లు ఊదింది?" అన్నడు. నా దగ్గర మాట లేదు. తునకలకు బూజు పట్టకుండా కాసిన పొగే మా అమ్మ ఊపిరితిత్తుల్లో కూర్చుంది.

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చి ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. మా ఇంట్లో గ్యాస్ వచ్చినా, ఖర్చని చాలా ఏండ్లు నీళ్లకు, పశువుల కుడితికి కట్టెల పొయ్యే నడిచింది. వద్దని నేను గట్టిగా చెప్పలేదు. కట్టె ఊరికే వస్తున్నది గదా అనుకున్నా. ఊరికే రాలేదని ఇప్పుడు తెలుసు.

తినేవాళ్లకు కూడా లెక్క ఉంది. కట్టె సరిగా మండకపోయినా, కొవ్వు నిప్పుల మీద కారి మండినా పొగలో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పుడతయి. యూరప్ వాళ్లు 2014 నుంచి పొగమాంసం కిలోకు 2 మైక్రోగ్రాములు మించొద్దని హద్దు పెట్టారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఉప్పులో ఊరేసిన, పొగబెట్టిన మాంసాలను క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. పండగకు తినేది వేరు, రోజూ తినేది వేరు.

మన పత్తి కట్టె సంగతి

ఆ వీడియో కాల్ అయినంక మా చేను గట్టు మీద నిలబడి పత్తి కట్టె చూస్తుంటే మనసు ఒక తీరుగా అయింది. ఏటా పీకి, కుప్పేసి అంటుపెడుతున్నం. ఒరెగాన్ మిల్లులవాళ్లు కూడా ఒకప్పుడు అదే చేశారు. మన దగ్గర కూడా దారి మొదలైంది. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంట్లలో 5 శాతం దాకా పంట వ్యర్థాల పెల్లెట్లు కలపాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ విధానం తెచ్చింది. పెల్లెట్ మిల్లు దాణా మిల్లులాంటిదే. ఒక్క రైతుతో అయ్యేది కాదు, ఊరో సంఘమో కలిస్తే ఆలోచించొచ్చు. చెత్తకు విలువ పుట్టినప్పుడు ఆ విలువ సంచి కుట్టినోని చేతికే పోతది. ఈసారైనా సంచి కుట్టే దగ్గర మనం ఉండాలని నా ఆశ.

ఒక్క హెచ్చరిక. పత్తి కట్టె కొలిమికి పనికొస్తది, కూటికి కాదు. దాని మీద మనం కొట్టిన మందులెన్నో మనకు తెలుసు.

పోరగాళ్లకు చివరి మాట

చేయొద్దని చెప్పను. చేస్తే ఇట్లా చేయండి.

కట్టె: మామిడి, జామ, చింత, తుమ్మ లాంటి బాగా ఎండిన గట్టి కట్టె. రంగేసిన చెక్క, ప్లైవుడ్, ప్యాకింగ్ చెక్క వద్దే వద్దు. గన్నేరు, జిల్లేడు, ముష్టి విషపు చెట్లు, వాటి పుల్ల కూడా దగ్గరికి రానీయొద్దు. పెల్లెట్ కొంటే తిండికి అని రాసినవే కొనండి, చలి పొయ్యిలకు, కొలుములకు అమ్మేవి కాదు.

డ్రమ్ము: అంతకుముందు ఏం పోశారో తెలియని డ్రమ్ము వాడొద్దు. పురుగుమందు డ్రమ్ము ఎంత కడిగినా పురుగుమందు డ్రమ్మే.

వేడి: 5 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసంలో క్రిములు పెరుగుతయి. పొగపెట్టె లోపల వేడి 110 నుంచి 120 డిగ్రీలు ఉండాలి. కోడి లోపలి కండ, ఎముక పక్కన, 74 డిగ్రీలు దాటాలి. గుచ్చి చూసే థర్మామీటర్ కొన్ని వందల్లో వస్తది, సెలైన్ సీసాల కన్నా అగ్గువ. వండినంక అదే పూట తినండి.

దాచుకోవాలంటే మాత్రం మా నాయినమ్మ దారే: పల్చగా కోత, నిండా ఉప్పు, ఎర్రటి ఎండ, కట్టెలా ఎండే దాకా. తర్వాతే పొగ. అదీ ఇంట్లో కాదు, బయట, గాలి ఆడే చోట.

ఆ పిల్లగాడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. తాతలకేం కాలేదు అంటే, వాళ్లు పొగను ఒక్కదాన్నే నమ్మలేదు. కొందరికి అయింది కూడా, మనమే లెక్క రాసుకోలేదు. మా అమ్మ లెక్క నేను ఇయ్యాల రాసిన.

మీ ఊళ్లో ఒట్టి తునకలను ఏమంటారు, ఎట్లా దాచేవాళ్లు, ఏ కట్టె పొగ మంచిదనేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కామెంట్లలో రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి. మా అమ్మకు దగ్గు కొంచెం నయం. మొన్న తునకల గురించి అడిగితే, కోసేటప్పుడు కండ పోగు వెంట కోయాలి, అడ్డంగా కోస్తే దండకు నిలవదు అని చెప్పింది. ఆ ముక్క నాకు ఏ చరిత్రలోనూ దొరకలేదు.

ఉంటా మరి. రెండో విడత ఏరుడుకు మనుషులు దొరకాలని కోరుకుంటూ, మీ రైతు సోదరుడు.